యుద్ధం ఎవరిదో గానీ, షిప్పులో ఉన్నది మావాళ్లు

సంపాదకుడు గారికి నమస్కారం.

మారుతున్న యుద్ధాల గురించి మీ పేపర్లో పెద్ద వ్యాసమే వేశారు. బాగుంది, కానీ అంతా ఏ దేశం దగ్గర ఎన్ని డ్రోన్లున్నాయన్న లెక్కే. ఏ దేశమూ నాది అనని యుద్ధం ఒకటి విశాఖ వన్‌టౌన్‌లో మా ఇంటిదాకా వచ్చింది, దాని గురించీ రాయమని అడుగుతున్నాను.

మా మేనల్లుడు షిప్పులో మోటార్‌మ్యాన్, అంటే ఇంజన్ గదిలో పని. గాజా యుద్ధానికి బదులంటూ, ఇజ్రాయెల్‌తో సంబంధం ఉందని చెప్పి యెమెన్‌లోని హౌతీలు ఎర్ర సముద్రంలో షిప్పుల్ని కొడుతున్న రోజులవి. 2024 జనవరిలో వాడి షిప్పు ఎర్ర సముద్రం మీదుగా వెళ్తోందని తెలిసిన దగ్గర్నుంచి మా చెల్లెలు, షిప్పులు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని, పొయ్యి మీద కూర మాడుతున్నా అదే చూస్తూ కూర్చునేది. ఏ రేవుకు వెళ్తున్నారో రాయాల్సిన చోట కొన్ని షిప్పులు 'సిబ్బంది అంతా చైనావాళ్లే' అనీ, 'ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు' అనీ రాసుకున్నాయి. గేటుకి 'కుక్క ఉంది జాగ్రత్త' బోర్డు తగిలించినట్టు! ఇండియావాళ్లమని రాసుకుంటే వదిలేస్తారా అని అడిగింది చెల్లెలు. ఏం చెప్పను? తర్వాత వాడి షిప్పు చుక్క మ్యాపులోంచి మాయమైంది. సిగ్నల్ షిప్పువాళ్లే ఆపేశారని తెలియడానికి రెండ్రోజులు పట్టింది.

ఆ నెల 26న, మనం జెండా ఎగరేసుకున్న రోజే, యెమెన్ పక్కన ఏడెన్ దగ్గర మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌ను హౌతీల మిస్సైల్ తాకి మంటలు లేచాయి. జెండా మార్షల్ దీవులది. నడిపించేది ట్రాఫిగురా అనే వ్యాపార సంస్థ. లోపల రష్యా నాఫ్తా, పెట్రోలు లాంటి మండే సరుకు. కొట్టినవాళ్లేమో యెమెన్‌లో ఒక సాయుధ గుంపు, రాజధాని సనా 2014 నుంచీ వాళ్ల చేతిలోనే ఉన్నా వాళ్లను యెమెన్ ప్రభుత్వంగా మన దేశం గుర్తించదు. ఇక లోపలున్న మనుషులు, 22 మంది మనవాళ్లు, ఒక బంగ్లాదేశ్ అతను. పిలుపందుకుని సాయానికి వెళ్లింది మన నేవీ నౌక ఐఎన్ఎస్ విశాఖపట్నం, అందులోంచి పది మంది ఆ షిప్పెక్కి ఆరు గంటలు మంటలతో కుస్తీ పట్టారు. మా ఊరి పేరున్న నౌక అని గర్వంగానే ఉంది, కాదనను. కానీ అసలు ఇది ఎవరి మీద ఎవరు చేసిన యుద్ధమో చెప్పండి. రెండు దేశాలు కొట్టుకుంటే రాయబారిని పిలిచి గట్టిగా అడుగుతారు, ఇక్కడ ఎవర్ని పిలవాలి? 2023 నవంబరులో ఇజ్రాయెల్ వాళ్లదంటూ గెలాక్సీ లీడర్ అనే షిప్పును ఈ హౌతీలే పట్టుకుపోయినప్పుడు అందులోని 25 మందిలో ఒక్క ఇజ్రాయెల్ మనిషి లేడు. ఫిలిప్పీన్స్, బల్గేరియా లాంటి దేశాల కూలిజనం. 14 నెలల తర్వాత, గాజాలో కాల్పులు ఆగాక గానీ వదల్లేదు.

మావాడు క్షేమంగానే వచ్చాడు. వచ్చాక తెలిసిన సంగతే నాకు ఎక్కువ మండించింది. షిప్పు ఓనర్లు, అంతర్జాతీయ యూనియన్లు కలిసి చేసుకున్న ఒప్పందం ఒకటుందట. యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన నీళ్లలోకి నేను రానని సీమ్యాన్ చెప్పొచ్చు, కంపెనీ ఖర్చుతో ఇంటికి పంపాలి. వెళ్తే అక్కడున్న రోజులకి బేసిక్ జీతం రెట్టింపు, ప్రాణం పోతే పరిహారం రెట్టింపు. ఆ ఒప్పందం కిందికి రాని షిప్పులూ బోలెడు, మావాడిది అందులో ఉందో లేదో వాడికే తెలీదు. ఎక్కించిన ఏజెంటు ఇరవై పేజీల ఇంగ్లిష్ కాంట్రాక్టు ముందుపెట్టి 'ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం' అన్నాడే తప్ప ఈ ముక్క నోట రాలేదు. అడిగితే వేరేవాడిని ఎక్కిస్తాడని వీడి భయం, అదీ నిజమే.

ఈ రూట్‌లో వెళ్లే ప్రతి కుర్రాడికీ, నీ షిప్పు ఆ ఒప్పందంలో ఉందా లేదా, రానని చెప్పే హక్కు నీకుందా లేదా అన్నది తెలుగులో ఒక్క పేజీ రాసి ఇచ్చాకే ఏజెంటు సంతకం తీసుకోవాలని డీజీ షిప్పింగ్ (షిప్పుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) వాళ్లు రూలు పెట్టాలి. మీరు ఆ పేజీ ఒకసారి పేపర్లో వేసినా చాలు, కత్తిరించి మావాడి పాస్‌పోర్టులో పెడతాను. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాడు.

ఇట్లు,
ఒక సీమ్యాన్ మేనమామ,
వన్‌టౌన్, విశాఖపట్నం