ఏం లేదులే అనకు బిడ్డా

బిడ్డా,

ఫోన్ల అయ్యే ముచ్చటకు ఉత్తరమెందుకు అనుకుంటవు. ఫోన్ల నీ మొఖం కనబడది. పెదవులు కనబడకపోతే నాకు సగం మాట పోతది. ఆ సగం నేను ఊహించుకుని ఏదో ఒకటి అనుడు, నువ్వు నవ్వుడు. అందుకే రాస్తున్న.

ముందుగాల ఒకటి ఒప్పుకోవాలె. నువ్వు కొనిచ్చిన చెవి మిషన్లు మూడు నెలలు బీరువలనే ఉన్నయ్. నువ్వు అడిగినప్పుడల్ల "పెట్టుకున్న బిడ్డా" అన్నది అబద్ధం. మీ అమ్మతోని గూడ చెప్పిచ్చిన, ఆమెను తిట్టకు.

పెట్టుకున్న మొదటి రోజే భయమైంది. పేపరు తిప్పితే ఎండుటాకుల మీద నడిచినట్టు. అమ్మ గిన్నెలు కడుగుతుంటే నా తలకాయల కడుగుతున్నట్టు. నా చెప్పుల చప్పుడుకు నేనే ఎనుకకు తిరిగి చూసిన. మిషను ఖరాబు అనుకుని తీసి పక్కన పెట్టిన. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల, అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ సెంటరుల మనం టెస్టు చేపిచ్చుకున్నప్పుడు ఆ మేడం చెప్పనే చెప్పింది: మొదట రోజుకు రెండు గంటలు, అది గూడ ఇంట్లనే, తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంట పోవాలని. చెవి మర్చిపోయిన చప్పుళ్లను మెదడు మళ్ల గుర్తు పట్టాలట, దానికి వారాలు పడ్తదట. అప్పుడు తలకాయ ఊపిన గని ఆ మాట గూడ సగమే వినబడ్డట్టుంది.

నా చెవులు ఎట్ల పోయినయో నీకు ఎన్నడు చెప్పలే. 1984ల, పదిహేడేండ్లకు సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, ఎక్కిన. పన్నెండు గంటల డ్యూటీ, అటు నాలుగు ఇటు నాలుగు సాంచెలు. షెడ్డుల మోత 90 డెసిబెల్స్ దాటుతది. 85 ఉంటేనే ఎనిమిది గంటలకు మించి ఉండొద్దట. ఆ మీద మూడు పెరిగినప్పుడల్ల ఓర్చుకునే టైము సగానికి పడిపోతదట. అప్పుడు ఇవన్ని ఎవరికెరుక? చెవుల ఇంత దూది పెట్టుకునుడు, అది గూడ అడ్డమని తీసేసుడు. 2017ల బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడైతే పండుగ ముంగట రాత్రి పగలు నడిపినం. ఇంటికొచ్చి పండుకుంటే చెవుల గుయ్యిమని సాంచె నడుస్తనే ఉండేది. పొద్దుగాలకు తగ్గుతది గదా అనుకునేటోళ్లం. లోపల సన్నటి వెంట్రుకల అసొంటి కణాలు ఉంటయట. ఒక్కసారి చచ్చినయంటే మళ్ల మొలవయి.

సాంచెల కాడ అరిచినా వినబడది గనుక మేమందరం పెదవులు చూసే మాట్లాడుకునేటోళ్లం. కండెలు అయిపోయినయ్, చాయ్ వచ్చింది, ఆసామి వస్తుండు, అన్ని పెదవులతోని, చేతులతోనే. అందుకే చెవులు పోతున్న సంగతి ఇంట్ల మీకు తెల్వలే, నాకూ తెల్వలే. 2020ల కరోనా వచ్చి అందరి మూతులకు మాస్కులు కట్టినంక బయటపడ్డది. మందుల దుకాణంల ఆ పిలగాడు మూడుసార్లు చెప్పినా నాకు ఒక్క ముక్క అందలే. ఆ సంవత్సరమే ఒక దుకాణంల టెస్టు గిస్టు లేకుండ ఆరు వేలకు మిషను అంటగట్టిండ్రు. అది మాటను, ఫ్యాను చప్పుడును ఒక్క తీరుగనే పెంచింది. ఆ కోపం గూడ నీ మిషన్ల మీద చూపిచ్చిన.

వియ్యంకులు వచ్చిన రోజు సంగతి నువ్వు మర్చిపోయినవో లేదో గని నేను మర్చిపోలే. నువ్వు వంటింట్లకెళ్లి "కప్పులేడున్నయ్ బాపూ?" అన్నవు. నాకు "అప్పులేడున్నయ్" అని వినబడ్డది. "ఇంకేడి అప్పులు బిడ్డా, అన్ని తీర్పిన" అన్న. ఇల్లంత నవ్వుడే. వియ్యంకుడు నవ్వకుండ చాయ్ దిక్కు చూసిండు, అదే ఎక్కువ బాధైంది. మేడం గీసిన కాయితంల నాలుగు వేల హెర్ట్జ్ కాడ, సన్నటి చప్పుళ్లుండే కాడ, గీత గుంతల పడ్డట్టున్నది. అంటే ఆ, ఓ అసొంటియి మంచిగనే వినబడ్తయి, క, త, స లు రాలిపోతయి. చప్పుడు వస్తది, మాట రాదు. అందుకే నువ్వు గట్టిగ అరిస్తే లాభం లేదు, అరిస్తే పెదవులు గూడ వంకర పోతయి. ముంగటికి వచ్చి, పేరు పెట్టి పిలిచి, మామూలుగ చెప్పు. నా కుడి చెవికి 52 డెసిబెల్స్, ఎడమదానికి 60 ఉంటేనే వినబడ్తది, అందుకే కుడి దిక్కు కూసో. ఒక మాట రెండుసార్లకు అందకపోతే ఇంకో మాటతోని చెప్పు. కప్పులు అందకపోతే చాయ్ గిలాసలు అను.

ఇప్పుడు పొద్దుగాల పెట్టుకున్నయి పండుకునేటప్పుడే తీస్తున్న. నెల కింద మళ్ల పోయి మేడంతోని సెట్టింగు మార్పిచ్చుకున్న, ఆమె ఏం అనలే, నవ్వింది. రాత్రి డబ్బాల, చెమ్మ గుంజే సిలికా గింజల పక్కన పెడ్తున్న. బ్యాటరీల సంగతే నవ్వొస్తది. మీ అమ్మ నాకు సులువైతదని కార్డుల ఉన్న ఆరింటికీ నారింజ రంగు స్టిక్కర్లు ఒక్కపాలి పీకి సర్ది పెట్టింది. స్టిక్కరు తీసినంక గాలి సోకి బ్యాటరీ పని మొదలుపెడ్తది, వాడినా వాడకున్నా దిగిపోతది. మూడు వారాలకు చూస్తే అన్ని సచ్చినయ్. అమ్మ నా మొఖం చూసుడు, నేను అమ్మ మొఖం చూసుడు.

మీ తమ్ముడు ఇంకా సాంచెల కాడనే ఉన్నడు గదా. చెవులకు ప్లగ్గులు కొనిచ్చిన. పెట్టుకుంటున్న అంటుండు. నా కొడుకు గనుక నమ్మకం తక్కువ.

సద్దుల బతుకమ్మకు వస్తవు గదా. ఆ రోజు అందరు నవ్వినంక నువ్వు నాతోని ఇంకేదో చెప్పినవు. నేను రెండుసార్లు "ఆఁ?" అన్న. నువ్వు "ఏం లేదులే బాపూ" అని వంటింట్లకు పోయినవు. మిషను లేక పోయిన మాటలకు నాకు అంత బాధ లేదు, ఆ ఒక్క మాటే నములుకుంట కూసున్న. వచ్చినప్పుడు కుడి దిక్కు కూసుండి చెప్పు. ఆ రోజు ఏం చెప్పినవు బిడ్డా?

మీ బాపు
సిరిసిల్ల