ఆ డబ్బా ముందు ఓడిపోయిన లెక్క

ఖమ్మం,
16 జూన్ 2024, ఆదివారం

బుజ్జితల్లికి,

నాన్న ఆశీస్సులు. వాట్సాప్‌లో పెడితే క్యాబ్‌లో కూర్చుని పైపైన చూసి ఒక బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి, మీ పిన్ని కొడుకు సోమవారం హైదరాబాద్ వస్తుంటే వాడి చేతికిస్తున్నాను. వాడితోపాటు గోంగూర పచ్చడి సీసా కూడా వస్తుంది. ముందు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత ఇది చదువు.

మొన్న బుధవారం నువ్వు సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5), అదే టీవీకి తగిలించి ఆటలాడుకునే కన్సోల్ పెట్టె, కొంటానంటే ఫోన్‌లో నేను మాట్లాడిన తీరు బాగోలేదు. "ఆటల డబ్బాకి 55 వేలా? అదే డబ్బుకి దాని తాతలాంటి కంప్యూటర్ నేను అసెంబుల్ చేసిస్తా" అని ఠక్కున పెట్టేశాను. పక్క గదిలోంచి మీ అమ్మ అంతా విన్నది. "పిల్ల తన జీతంతో కొనుక్కుంటానంటే నీకెందుకయ్యా అంత ఉక్రోషం" అంది. ఉక్రోషం కాదు, వృత్తి పొగరు. ఇరవై నాలుగేళ్లుగా ఈ ఊళ్లో సీపీయూలు విప్పి బిగిస్తున్నవాణ్ణి. విప్పి ముక్కలు మార్చడానికి పెద్దగా వీల్లేని పెట్టెను నా కూతురే కొంటానంటే ఎక్కడో గుచ్చుకుంది.

సరే, అన్నమాట నిలబెట్టుకుందామని ఆ రాత్రే బిల్‌బుక్కు వెనక లెక్క రాయడం మొదలుపెట్టాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ సామాన్ల మార్కెట్ ఉందిగా, నేను ఎప్పుడూ సామాను తెచ్చే షాపతనికి ఫోన్ చేసి డీలర్ రేట్లే అడిగాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్ 11,000. మదర్‌బోర్డు 6,500. 16 జీబీ ర్యామ్ 3,600. ఆటలు, ఫైళ్లు దాచుకునే 1 టీబీ ఎస్‌ఎస్‌డీ 5,500. తెర మీద బొమ్మలు గీసే ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు 20,500. లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, కాస్త నమ్మకమైనది, 4,000. క్యాబినెట్ 3,000. అన్నీ కలిపితే 54,100. నా లేబర్ సున్నా, నువ్వు కూతురివి కాబట్టి.

చూశావా, 55 వేలలోపే వచ్చిందని అర్ధరాత్రి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తీరా చూస్తే అందులో మానిటర్ లేదు, కీబోర్డు మౌస్ లేవు, విండోస్ లేదు. ఆడటానికి చేతిలో పట్టుకునే కంట్రోలర్ కూడా లేదు. నువ్వు చెప్పే 54,990లో కంట్రోలర్ ఉంది, డిస్కు పెట్టే డ్రైవ్ ఉంది, కేబుల్ ఉంది. హాల్లో టీవీ ఉంటే చాలు. నా దానికి మాత్రం మానిటర్ 10,500, కీబోర్డు మౌస్ 1,500 కలిపితే 66 వేలు దాటింది.

పోనీ, ఎక్కువైనా స్పీడులో కొడతామా? గురువారం రాత్రి ఆ లెక్క పట్టుకున్నాను. ఇందులో నాకు తెలియని విషయం ఒకటుంది తల్లీ, చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. పీఎస్5లో బొమ్మలు గీసే చిప్పు, నేను రాసిన గ్రాఫిక్స్ కార్డు చిప్పు, రెండూ ఒకే ఇంటివి. రెండూ ఏఎండీ కంపెనీవే, రెండూ ఆర్‌డీఎన్‌ఏ 2 అనే డిజైన్ తరానివే. దాంట్లో బొమ్మల లెక్కలు చేసే విభాగాలు, అంటే కంప్యూట్ యూనిట్లు, 36 పెట్టారు, నా 20,500 కార్డులో 28. దానికి 16 జీబీ మెమరీ, ప్రాసెసరూ గ్రాఫిక్సూ కలిసి వాడుకునేది. నా కార్డుకి సొంతంగా 8 జీబీ. ప్రాసెసర్ విషయంలో నాది ఒక తరం కొత్తది, అక్కడ మాత్రం నేను గెలిచాను. కానీ నువ్వాడే కథల ఆటల్లో బరువంతా పడేది గ్రాఫిక్స్ మీదే. పైగా కన్సోల్ ఆట రాసేవాళ్లకి ఆ పెట్టెలో ఏముందో అంగుళం అంగుళం తెలుసు, దాని కొలతకే కుడతారు. కంప్యూటర్‌కి రెడీమేడ్ చొక్కా కుట్టినట్టే. అందరికీ పడుతుంది, ఒక్కడికీ సరిగ్గా అమరదు.

దాని తాతను కడతానన్నవాణ్ణి, తమ్ముణ్ణి కూడా కట్టలేకపోయాను.

మరి వాళ్లకెలా గిట్టుబాటవుతోంది? దీనికి జవాబు మన షాపులోనే ఉంది. ప్రింటర్ కొనడానికి వచ్చినవాళ్లు "అబ్బ, మూడు వేలేనా" అని ఎగిరి గంతేస్తారు. రెండు నెలలు తిరక్కుండానే ఇంకు కార్ట్‌రిడ్జ్ కోసం వచ్చి మొహం మాడ్చుకుంటారు. కన్సోల్ వ్యాపారమూ అంతే. 2006లో పీఎస్3ని సోనీ నష్టానికే అమ్మింది. ఎక్స్‌బాక్స్ పెట్టె అమ్మి ఎన్నడూ లాభం చూడలేదని మైక్రోసాఫ్ట్ మనిషి 2021లో అమెరికా కోర్టులో సాక్ష్యం కూడా చెప్పారు. పెట్టె ఎరన్నమాట. డబ్బులు ఆటల మీద వస్తాయి. బయటి కంపెనీ ఆటైనా సరే, వాళ్ల స్టోర్‌లో అమ్ముడైతే వాళ్ల వాటా వాళ్లకి పడుతుంది. సోనీ సొంత ఆటలు కొత్తల్లో 4,999 పెడతారు. డబ్బు పెట్టి కొన్న ఆటను ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడాలంటే ఏటా చందా వేరే. కంప్యూటర్‌లో ఆ చందా గోల లేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల షాపులో సేల్ పెట్టినప్పుడు రెండు మూడేళ్ల పాత ఆటలు సగానికీ పావుకీ దొరుకుతాయి, యూపీఐతో కట్టేయొచ్చు.

ఇక్కడే నీ అలవాటు చూడాలి. నెలకో కొత్త ఆట కొనేదానివైతే ఏడాదిన్నరలో ఆ పెట్టె కంప్యూటర్ కన్నా ఖరీదు తేలుతుంది. కానీ నువ్వు ఏడాదికి రెండు మూడు ఆటలు ఆడితే గొప్ప. పోయిన దసరాకి మొదలుపెట్టింది ఉగాదికి పూర్తి చేశావు. ఆ లెక్కన నీకు పెట్టే చవక.

ఒక్కటి మాత్రం నా మాట విను. 10 వేలు తక్కువని డిస్కు డ్రైవ్ లేని డిజిటల్ మోడల్ జోలికి పోకు. డిస్కుదే తీసుకో. డిస్కు అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, మీ ఆఫీసులో ఎవరితోనైనా మార్చుకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకి తెచ్చుకోవచ్చు. డిజిటల్‌లో కొన్నది అమ్మడానికి లేదు, వాళ్లు స్టోర్‌లో ఎంత రేటు పెడితే అంతే. ఆ 10 వేలు అయిదారు డిస్కుల్లో తిరిగొచ్చేస్తాయి.

"చవక గేమింగ్ కంప్యూటర్లు ఆన్‌లైన్‌లో 28 వేలకే ఉన్నాయి కదా నాన్నా" అన్నావు. దాని సంగతి విను. శుక్రవారం ఒక ఇంటర్ కుర్రాడు సరిగ్గా అలాంటిదే భుజాన మోసుకొచ్చాడు. అద్దం తలుపు, లోపల ఆరు ఫ్యాన్లు, రంగురంగుల లైట్లు. వినాయక చవితి పందిరి మోసుకొచ్చినట్టుంది. ఆట పెట్టిన పది నిమిషాలకి ఆగిపోతోందట. విప్పాను. ప్రాసెసర్ 2011 నాటి రెండో తరం ఐ5. గ్రాఫిక్స్ కార్డు జీటీ 730, అది 2014 సరుకు. నువ్వు అయిదో ఆరో తరగతిలో ఉన్నప్పటిది. ఎస్‌ఎంపీఎస్ చేత్తో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బా అంత తేలిక. మీద మాత్రం 450 వాట్లని స్టిక్కర్. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన. ఆ బిల్లులో "గేమింగ్" అన్న మాటకే సగం డబ్బులు పోయినట్టున్నాయి. వాడి మొహం చూసి లేబర్ తీసుకోలేదు. లైట్లు మాత్రం భేషుగ్గా వెలుగుతున్నాయి, అదొక్కటే వాడికి ఊరట. అసెంబుల్ చేయించుకునేవాళ్లు అందరూ కార్డు గురించే అడుగుతారు. ఎస్‌ఎంపీఎస్ గురించి అడిగినవాణ్ణి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముందు పోయేది అదే, పోతూ పోతూ పక్కవాటిని తీసుకుపోయేదీ అదే.

సెకండ్ హ్యాండ్ కార్డు వేసి రేటు తగ్గించుకోవచ్చు కదా అంటావేమో. 2021లో క్రిప్టో మైనింగ్, అంటే గ్రాఫిక్స్ కార్డులు నడిపి డిజిటల్ నాణేలు సంపాదించే పిచ్చి పట్టినప్పుడు కార్డులు రెట్టింపు ధర పెట్టినా దొరకలేదు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే నాణేనికి ఆ మైనింగ్ ఆగిపోయాక అవే కార్డులు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చి పడ్డాయి. రాత్రింబవళ్లు నడిచినవి. అన్నీ చెడ్డవని అనను, ఇప్పటికీ బాగా ఆడుతున్నవి నా కస్టమర్ల దగ్గర ఉన్నాయి. కానీ వారంటీ లేని కార్డు నా చేత్తో నీకు బిగించలేను.

కంప్యూటర్‌ని మరీ తీసిపారేస్తున్నానని అనుకోకు. నువ్వు వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి తుపాకీ ఆటలు ఆడే పిల్లవైతే ఈ ఉత్తరం వేరేలా ఉండేది. వాటికి మౌస్ కావాలి, పెద్ద కార్డు కూడా అక్కర్లేదు, ఇంతకన్నా చాలా తక్కువలో అయిపోయేది. ఇంకొకటి, ముక్కలు ముక్కలుగా మార్చుకునే సుఖం. 2017లో ఒక ఫొటో స్టూడియో అతనికి మొదటి తరం రైజెన్ ప్రాసెసర్ బిగించాను. పోయిన ఏడాది అదే మదర్‌బోర్డులో బయాస్ అనే లోపలి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి 5600 పెట్టాను. మనిషికి కొత్త కంప్యూటర్ కొన్నంత సంబరం. నీ పెట్టెలో ఆ ఆట సాగదు. ఎస్‌ఎస్‌డీ ఒక్కటి అదనంగా వేసుకోవచ్చు, అంతే. మిగతాది కొన్ననాడు ఎలా ఉందో చివరిదాకా అలాగే. కాకపోతే ఆటలు కూడా ఆ పెట్టెను చూసే తయారవుతాయి కాబట్టి ఏడేళ్లు లాగించేస్తుంది. జీటీఏ 5 ఆట చూడు, కన్సోళ్లకి 2013 సెప్టెంబరులో వస్తే కంప్యూటర్‌కి రావడానికి 2015 ఏప్రిల్ అయింది. ఏడాదిన్నర పాటు మన షాపుకొచ్చిన ప్రతి కుర్రాడూ "అంకుల్, వచ్చిందా" అనే. ఆరోది కూడా ముందు కన్సోళ్లకే ప్రకటించారు, కంప్యూటర్ ఊసే ఎత్తలేదు.

ఇక అసలు మాట. "కంప్యూటర్ అయితే కనీసం పనికైనా వస్తుంది" అన్నాను కదా ఫోన్‌లో. ఆ మాట నేను మీ తాతయ్యతో 1999లో అన్నది. కోచింగ్‌కి కంప్యూటర్ లేకపోతే వెనకబడిపోతానని, వడ్లు అమ్మిన డబ్బులు పెట్టించి కొనిపించాను. మొదటి నెల అందులో రోడ్ రాష్, డేవ్ ఆటలు తప్ప ఇంకేం నడవలేదు. తాతయ్య వెనక నిలబడితే టకామని ఎమ్మెస్ వర్డ్ తెరిచేవాణ్ణి. ఆయనకి ఇంగ్లీషు రాదు, తెర మీద అక్షరాలు కనిపిస్తే చాలు, తృప్తిగా వెళ్లిపోయేవాడు. తర్వాత షాపు పెట్టాక "చదువుకి పనికొస్తుందండీ" అన్న ఆ అబద్ధాన్నే ఈ ఊళ్లో సగం మంది తల్లిదండ్రులకి నేనే అమ్మాను. నీకు ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ ఉంది, పనంతా దాంట్లోనే. నువ్వు కావాలన్నది ఆటకి. తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కాళ్లు చాపుకుని ఆడుకునే దానికి, డ్రైవర్లు, అప్‌డేట్లు, సెట్టింగుల టెన్షన్ లేని దానికి. దాన్ని పనికొచ్చే వస్తువు చేయాలని నేను చూడటం తప్పు.

కాబట్టి పెట్టే కొను. ఒకేసారి డబ్బు కట్టు, ఈఎంఐ పెట్టకు. దుమ్ములో పెట్టకు, టీవీ కింద అరలో ఇరికించకు, వెనక వేడిగాలి పోవాలి.

కొనేముందు ఒక పని చెయ్యి. మీ ఫ్లాట్‌లో టీవీ వెనక స్టిక్కరు, హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చే చోటు, రెండిటికీ ఫొటోలు తీసి పంపు. సెకనుకి 60 బొమ్మలే చూపించే 60 హెర్ట్జ్ టీవీ అయితే 120 ఫ్రేములని వాళ్లు రాసేదాన్ని చూసి ఎగరక్కర్లేదు. అన్నట్టు ఆ టీవీ నీదా, మీ రూమ్మేట్‌దా? ఆ అమ్మాయి నవంబరులో పెళ్లి చేసుకుని వెళ్లిపోతుందన్నావు. వెళ్తూ టీవీ తీసుకెళ్తే మన లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. అది కనుక్కుని రాత్రికి ఫోన్ చెయ్యి. ఈసారి నేను పెట్టేయను.

మీ నాన్న