రఘూ, రెండు రాత్రులు నాకివ్వు

రాజమండ్రి,
మంగళవారం రాత్రి

ఒరేయ్ రఘూ,

ఫోన్‌లో ఎప్పుడడిగినా "నాకేంరా, బాగానే ఉన్నాను" అంటావు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. మొన్న చెల్లెమ్మ చెప్పింది, నీ మడమ దగ్గర గీసుకున్న దెబ్బ నెల దాటినా మానలేదట. బీపీ 150 దాటిందట. రాత్రి రెండింటికి లేచి నాన్నగారి మంచం పక్కన కూర్చుంటున్నావట. ఆయనకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో నీ గురించి నువ్వొక్క ముక్క చెప్పగా నేను వినలేదు.

అమ్మకి మతిమరుపు జబ్బు ముదిరాక రెండేళ్లు నేనే చూసుకున్నాను, నీకు తెలుసుగా. పొద్దు గూకేసరికి "ఇంటికెళ్తాను, నాన్న ఎదురుచూస్తుంటాడు" అంటూ గేటు దగ్గరికి వెళ్లిపోయేది. ఆ నాన్న మా తాతయ్య, పోయి నలభై ఏళ్లు. రాత్రిళ్లు తలుపు గొళ్లెం చప్పుడైతే చాలు, ఉలిక్కిపడి లేచేవాణ్ణి. పోనుపోను చప్పుడు లేకపోయినా లేచేవాణ్ణి. నోట్లో పుండు ఒకటి తగ్గేలోపు ఇంకోటి. మెడ నుంచి భుజం దాకా పట్టేసేది. తిన్నది అరిగేది కాదు. ఒకరోజు గుండెల్లో నొప్పని పరిగెత్తితే ఈసీజీ బాగానే ఉందన్నారు. డాక్టరు గారు రాస్తున్న చీటీ పక్కన పెట్టి "ఇంట్లో ఎవరినైనా చూసుకుంటున్నారా?" అని అడిగారు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదురా.

ఆయన చెప్పాకే వెతికి చదివాను. 1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఒక పరిశోధన అచ్చు వేశారు. ఇంట్లో మతిమరుపు జబ్బున్నవాళ్లని చూసుకుంటున్న ఆడవాళ్లు 13 మంది, ఆ బరువు లేనివాళ్లు ఇంకో 13 మంది. అందరికీ మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి ఎన్నాళ్లకి మానుతుందో చూశారు. బరువు లేనివాళ్లకి సుమారు 39 రోజులు పడితే, జబ్బు మనుషుల్ని చూసుకునేవాళ్లకి 48 దాటింది. అదే గాయం, తొమ్మిది రోజులు ఆలస్యం. అది చదవగానే నా నోటి పుండ్లు గుర్తొచ్చాయి. ఇప్పుడు నీ మడమ గుర్తొస్తోంది.

ఎందుకలా అవుతుందో కూడా అర్థం చేసుకున్నాను. గొళ్లెం చప్పుడు వినగానే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. వెనకాలే కార్టిజాల్ అనే ఇంకో హార్మోను వస్తుంది. అది లివర్ చేత చక్కెరని రక్తంలోకి వదిలిస్తుంది, ముందు పరిగెత్తడానికి శక్తి కావాలి కదా. అరుగుదల, గాయాలు మాన్పడం లాంటి పనులు వెనక్కి పోతాయి. ఒక్క రాత్రయితే తెల్లారేసరికి అన్నీ సర్దుకుంటాయి. నెలల తరబడి అదే నడిస్తే శరీరానికి సర్దుకునే వీలేదీ? అయినా నీ దెబ్బకి టెన్షనే కారణమని నేను తేల్చేయడం లేదు. రేపు పరగడుపున వెళ్లి షుగర్ పరీక్ష చేయించుకో, ఆ దెబ్బ డాక్టరుకి చూపించు.

ఇంకో సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఒక రాత్రి అమ్మ మూడోసారి లేచినప్పుడు గట్టిగా అరిచేశాను. ఆవిడ బెదిరిపోయి గోడకి ఆనుకుని "బాబూ, మీరెవరు? కాస్త మా అబ్బాయిని పిలవండి" అంది. తెల్లారేదాకా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అమ్మంటే నాకు ప్రేమ తగ్గలేదురా. వరసగా నిద్రలేక మెదడు అలిసిపోతే, ఎంత ప్రేమున్నా ఓపిక ముందు పోతుంది. నువ్వు కూడా నాన్నగారి మీద ఎప్పుడైనా విసుక్కుని, తర్వాత బాత్రూమ్‌లోకెళ్లి ఏడ్చుంటే, నాతో చెప్పు. నాకది కొత్త కాదు.

ఆ వారమే పెద్దక్కకి ఫోన్ చేసి "నావల్ల కావట్లేదు" అన్నాను. అంత చిన్న మాట అనడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. శుక్ర, శనివారాలు అమ్మని తన దగ్గర ఉంచుకుంది. మొదటి వారం అమ్మ ఇంట్లో లేకపోయినా నాకు నిద్ర పట్టలేదు, చెవి గొళ్లెం మీదే. మూడో వారం ఏడింటిదాకా పడుకున్నాను. నెలన్నరకి నోట్లో పుండ్లు రావడం ఆగింది. బీపీ మాత్ర మాత్రం ఇప్పటికీ వేసుకుంటున్నాను, అది మానకూడదన్నారు.

అర్ధరాత్రి మనసు మరీ బరువెక్కితే నాకు ఫోన్ చెయ్యి. నాతో చెప్పలేనిదైతే 14416కి చెయ్యి. అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే హెల్ప్‌లైన్, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.

శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ చేయించాను. శని, ఆది రాత్రులు నాన్నగారి దగ్గర నేను పడుకుంటాను. ఎత్తి కూర్చోబెట్టడం, పక్కకి తిప్పడం, డైపర్ మార్చడం అన్నీ నాకొచ్చు. నువ్వు మేడమీద గదిలో తలుపేసుకుని పడుకో. ఏ మాత్ర ఎన్నింటికో, ఆయన జావ ఎంత పల్చగా తాగుతారో ఒక కాగితం మీద రాసిపెట్టు. మిగతాది నేను చూసుకుంటాను.

నీ
ప్రసాద్