జ్యామితి పాఠాలు: ఇంట్లో పిల్లల చేత ఏం కొలిపించాలి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆరు, ఏడు తరగతులకు ఈ నెల జ్యామితి మొదలైంది. బిందువు, రేఖ, కోణం, వృత్తం నిర్వచనాలు పిల్లలు గడగడా అప్పజెప్పేస్తున్నారు. వాకిట్లో ముగ్గు చూపించి ఇందులో సమాంతర రేఖలేవని అడిగితే మాత్రం దిక్కులు చూస్తున్నారు. పది నిర్వచనాలు బట్టీ పట్టించే కన్నా ఒక్క వస్తువును సరిగ్గా కొలిపించడం మేలు. ఆ పని ఇంట్లోనే బాగా జరుగుతుంది.

ముగ్గుతోనే మొదలుపెట్టండి. చుక్క బిందువు. రెండు చుక్కలను కలిపే గీతకు రెండు కొనలుంటాయి కాబట్టి అది రేఖాఖండం. సరిచుక్కల ముగ్గులో చతురస్రాలు, సందుచుక్కల ముగ్గులో త్రిభుజాలు కనిపిస్తాయి. 7 నుంచి 4 వరకు సందుచుక్కలు పెడితే మొత్తం 37 చుక్కలు, చుట్టూ షడ్భుజి. చుక్కల మధ్య ఎంత ఎడముందో వరసల మధ్యా అంతే ఎడం పెడితే ముగ్గు నిలువునా సాగుతుంది. త్రిభుజం మూడు భుజాలూ సమానం కావాలంటే, చుక్కల మధ్య 10 సెం.మీ. ఉన్నప్పుడు వరసల మధ్య సుమారు 8.7 సెం.మీ. చాలు. బరంపురం పట్టుచీర ఇంట్లో ఉంటే దాని అంచున గుడి గోపురాల్లా లేచే త్రిభుజాల వరస కూడా చూపించండి.

ఎక్కడైనా కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోస్తుంటే పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. లంబకోణం అర్థం కావడానికి అంతకంటే మంచి చోటు లేదు. మేస్త్రీ మూల దగ్గర మేకు కొట్టి, ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తే మూల 90 డిగ్రీలు. 5 కన్నా తగ్గితే అల్పకోణం, పెరిగితే అధికకోణం. పెద్ద గదికి 6, 8, 10 తీసుకుంటే కొలతలో చిన్న తేడా వచ్చినా కోణం అంతగా చెడదు. దారం సాగినా, టేపు వేలాడినా, మేకు నడిమి నుంచి కాక పక్క నుంచి కొలిచినా మూల తప్పుతుంది. ఒక్క డిగ్రీ తప్పితే 30 అడుగుల గోడ చివర ఆరంగుళాలకు పైగా పక్కకు పోతుంది. అందుకే చివర్లో కర్ణాలు రెండూ కొలుస్తారు. ఎదురెదురు గోడలు సమానమై, కర్ణాలూ సమానమైతేనే అది దీర్ఘచతురస్రం.

కోణమాని (ప్రొట్రాక్టర్)లో ఎక్కువ మంది తప్పేది ఒకేచోట. దాని మీద అంకెల వరసలు రెండు, ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి. అందుకే 60ని 120 అని చదివేస్తారు. కొలవక ముందే ఇది అల్పమా, అధికమా అని అడగండి, తప్పు వాళ్లకే తెలిసిపోతుంది. కోణమాని కింది అంచును కాదు, సున్నా గీతను కోణం భుజం మీద పెట్టాలి.

సమాంతర రేఖలకు మన పర్లాకిమిడి స్టేషనే చాలు. దాని మీదుగా వెళ్లే నౌపడ–గుణుపురం లైను మునుపు నారోగేజి, పట్టాల మధ్య 762 మి.మీ. ఇప్పుడు బ్రాడ్‌గేజి, 1676 మి.మీ. ఆ దూరం పట్టాకు లంబంగా కొలిచింది; ఏటవాలుగా కొలిస్తే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. ప్లాట్‌ఫారం మీద నుంచే చూపించండి, పిల్లల్ని పట్టాల మీదికి దిగనివ్వకండి.

వృత్తానికి గాజు. 2-6 సైజు అంటే లోపలి వ్యాసం 2 అంగుళాలు, ఆపైన అంగుళంలో 16 భాగాలకు 6. అంటే 2.375 అంగుళాలు. 2-8 అయితే 2.5. వ్యాసంలో తేడా అంగుళంలో ఎనిమిదో వంతే, చుట్టుకొలతలో మాత్రం దాదాపు ఒక సెంటీమీటరు. చేతికి బిగుసుకునేది అందుకే. గాజు బయట దారం చుట్టి, ఆ పొడవును బయటి వ్యాసంతో భాగించమనండి. 3.14కు దగ్గరగా వస్తుంది. లోపలి వ్యాసంతో భాగిస్తే లెక్క చెడుతుంది: గాజు మందం అంగుళంలో ఎనిమిదో వంతుంటే 2-6 గాజుకు 3.47 వస్తుంది.

జామెట్రీ బాక్సు కొనేటప్పుడు వృత్తలేఖిని (కంపాస్) కీలు బిగువుగా ఉందో లేదో చూడండి. వదులైతే గీస్తుండగానే వ్యాసార్థం మారిపోయి వృత్తం కొనలు కలవవు. ఖరీదైన బాక్సు అక్కర్లేదు. స్కేలు మీద సున్నా గీత స్పష్టంగా ఉంటే చాలు, అరిగిన అంచు నుంచి కొలిచే అలవాటు మానుతారు.

వచ్చే సోమవారం పిల్లల చేత ఒక లోహపు గాజు, రెండు మూరల సాగని దారం పంపించండి. మట్టిగాజులు వద్దు, పగిలితే చేయి తెగుతుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు