ఆటోమేటిక్ కారు స్టార్ట్ అవ్వకపోతే ముందు టెస్ట్ చేయండి, పార్టులు తర్వాత మార్చొచ్చు

సంపాదకులు గారికి నమస్కారం,

ఆటోమేటిక్ కారు ఉన్నట్టుండి స్టార్ట్ అవ్వకపోవడం, కాసేపాగి ట్రై చేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయిపోవడం, ఈ బాధ పడుతున్నవాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళ కోసమే ఈ లెటర్, దయచేసి వేయండి. గేర్ల బండైతే నలుగురు పట్టి తోస్తే ఎలాగో అందుకుంటుంది, ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌కి ఆ దారి లేదు, గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంప్‌ని తిప్పేది ఇంజనే కాబట్టి ఇంజన్ ఆగితే లోపల ప్రెషర్ ఉండదు, ఎంత తోసినా ఇంజన్ తిరగదు. అర్ధరాత్రైనా, బండిలో పేషెంట్ ఉన్నా ఆగినచోటే పడుండాలి.

ఇంత ఇబ్బంది పెట్టే రిపేర్‌ని వర్క్‌షాపుల్లో చూసే తీరు మాత్రం ఘోరంగా ఉంది. అక్కడికి తీసుకెళ్ళేసరికి బండి బుద్ధిగా స్టార్ట్ అవుతుంది, ఇక "అంతా బాగానే ఉంది సార్" అని పంపేస్తారు, లేదంటే అంచనా మీద పార్టులు మార్చేస్తారు. మా కారుకి ముందు బ్యాటరీ మార్చారు, తర్వాత సెల్ఫ్ మోటార్ మార్చారు, అయినా మళ్ళీ అదే తంతు. చివరికి వేరే మెకానిక్ ఒకాయన బండి మొరాయించినప్పుడే వచ్చి, బ్రేక్ తొక్కి గేర్ లివర్‌ని పీ (పార్కింగ్) నుంచి ఎన్ (న్యూట్రల్)కి జరిపి కీ తిప్పితే టక్కున అందుకుంది, ఆపేసి మళ్ళీ పీలో పెట్టి తిప్పితే చప్పుడే లేదు. లివర్ ఏ పొజిషన్‌లో ఉందో చెప్పే న్యూట్రల్ సేఫ్టీ స్విచ్‌లో కాంటాక్టులు అరిగిపోయాయి, అంతే. మేం డబ్బు కట్టిన రెండు పార్టులకీ దీంతో సంబంధమే లేదు.

టెస్ట్ చేయడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదండీ. వోల్టేజ్ కొలిచే మామూలు మల్టీమీటర్ చాలు. కొన్ని గంటలు ఆపి ఉంచిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి, 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ అయినట్టే, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు, ఇంజన్ నడుస్తుంటే 14కి అటూ ఇటూగా ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇక బ్యాటరీ జోలికి వెళ్ళక్కర్లేదు. టెర్మినల్ క్లాంపులు మాత్రం విప్పి చూడాలి, పైకి బాగానే కనిపిస్తాయి గానీ లోపలి అంచుకి తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటుంది, కొన్ని చేత్తో తిప్పినా కదిలిపోతుంటాయి. ఇంజన్‌కి వెళ్ళే ఎర్త్ వైర్ కూడా అంతే, సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య మీటర్ పెడితే అర వోల్టు దాటి చూపించిందంటే ఆ దారిలో ఎక్కడో కాంటాక్ట్ సరిగా లేదు.

శబ్దాన్ని బట్టి కూడా చాలా తెలుస్తుంది. టకటకమని వరసగా కొట్టుకుంటూ డాష్‌బోర్డ్ లైట్లు డల్ అయితే కరెంట్ చాలట్లేదని, ఒక్క టక్ మని ఆగిపోయి లైట్లు మామూలుగానే ఉంటే సెల్ఫ్ మోటార్‌ని చూడాలని, అసలు చప్పుడే లేకపోతే గేర్ సేఫ్టీ స్విచ్, సెల్ఫ్‌కి కరెంట్ వదిలే రిలే, అసలు తాళం కాకపోతే బండిని స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ వైపు వెళ్ళాలని అర్థం. పుష్ బటన్ బండ్లలో బ్రేక్ పెడల్ స్విచ్ కూడా చూడాలి, అది పోతే వెనక బ్రేక్ లైట్లు కూడా వెలగకపోవచ్చు. సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే అది వేరే కథ, వేడి మీద మొరాయించి చల్లారాక స్టార్ట్ అయ్యే బండిలో నేనైతే ముందు ఇంజన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్‌ని అనుమానిస్తా.

వీటన్నిటికంటే భయం వేసేది ఇంకోటుంది. సేఫ్టీ స్విచ్ మార్చే బదులు రెండు వైర్లు కలిపి డైరెక్ట్ చేసేద్దాం అని మాకు కూడా సలహా ఇచ్చారు. ఆ స్విచ్ పెట్టిందే గేర్‌లో ఉన్న బండి స్టార్ట్ కాకుండా ఆపడానికి! దాన్ని తప్పించేస్తే లివర్ డీ (డ్రైవ్)లోనో రివర్స్‌లోనో ఉండగా కీ తిప్పినా సెల్ఫ్ తిరుగుతుంది, బండి ముందుకో వెనక్కో ఉరుకుతుంది, ఆ టైమ్‌లో వెనక చిన్నపిల్లలుంటే ఏంటి పరిస్థితి? ఇలాంటి బండిని తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి ఈ సంగతే తెలీదు. ఇలా బైపాస్ చేయడాన్ని నేరంగానే చూడాలని నా అభిప్రాయం, ఫిట్‌నెస్ చెకింగ్‌లో కూడా దీన్ని చేర్చాలి, ఖాళీ జాగాలో హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని డీలో, రివర్స్‌లో కీ తిప్పి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

అధికారులని నేను అడిగేది పెద్ద విషయమేం కాదు. స్టార్టింగ్ కంప్లైంట్‌తో వచ్చిన ఏ బండికైనా పార్ట్ మార్చేముందు వోల్టేజ్ రీడింగులు, బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో వచ్చిన ఎర్రర్ కోడ్‌లు జాబ్ కార్డ్ మీద రాసి ఓనర్ సంతకం తీసుకోవాలి, తీసేసిన పాత పార్ట్ చేతికివ్వాలి. కంపెనీలు కూడా వైరింగ్ డయాగ్రమ్‌లు బయటి మెకానిక్‌లకి అందేలా చేయాలి, అవి లేకుండా వాళ్ళు మాత్రం అంచనా వేయక ఏం చేస్తారు. ఓనర్లు కూడా బండి మొరాయించినప్పుడు డాష్‌బోర్డ్ మీటర్, గేర్ లివర్ కనిపించేలా, శబ్దం వినిపించేలా ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, ఆ వీడియో చూపిస్తే వర్క్‌షాప్ వాళ్ళు దాన్ని కంప్లైంట్ కింద రాసుకుని, బండిని ఒక రాత్రి అక్కడే ఉంచి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలనే రూల్ కూడా పెట్టాలి.

ఇట్లు,
ఒక కారు ఓనర్