రాతి ఇంటి మ్యూజియం మరమ్మతులు: జమా ఖర్చుల వివరణ

చందాదారులకు, సందర్శకులకు నమస్కారం. లెక్క అందరికీ సులువుగా తెలియాలని మొత్తం జమను 100 వంతులు చేసి చెబుతున్నాం. రసీదు పుస్తకాలు, వోచర్లు, కూలీల హాజరు పట్టీ మ్యూజియం కార్యాలయంలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు.

జమ: చందాలు 58, టికెట్లు 27, హాలు అద్దె 15.

ఖర్చులో పెద్ద పద్దు 41 వంతులు. గోడ సందుల్లోని సిమెంటు తీయించి సున్నం పెట్టించడానికి అయింది. ఆ డబ్బుతో అద్దాల బీరువాలు కొనాల్సిందని కొందరన్నారు. గోడ నిలవకపోతే బీరువాలు ఎక్కడ పెడతాం? ఈ గోడ రెండు వరసల రాతి కట్టుబడి, నడుమ చిల్లరాళ్ళు, సున్నం. లోపలి చెమ్మ సున్నపు సందుల గుండా ఆరిపోవాలి. పాత మరమ్మతుల్లో సిమెంటు పూసేసరికి ఆ దారి మూసుకుపోయి, చెమ్మ రాతిలోంచి బయటపడసాగింది. దాంతోపాటు వచ్చిన ఉప్పు రాతి ముఖం వెనక గడ్డకట్టి పెచ్చులు ఊడగొట్టింది. సిమెంటు చెక్కుచెదరలేదు, దాని చుట్టూ రాయే అరిగిపోయింది.

గ్రైండర్ పెడితే రాతి అంచులు కోసుకుపోతాయి. అందుకే ఉలి, సుత్తితోనే తీయించాం, కూలి పెరిగింది కూడా అందుకే. సందు వెడల్పుకు రెట్టింపు లోతు తవ్వి, దుమ్ము ఊడ్చి, నీళ్ళు చల్లి, 1 పాలు నానిన సున్నానికి 3 పాళ్ళు గరుకు ఇసుక కలిపి కూరారు. రాయి పొడిగా ఉంటే సున్నంలోని నీళ్ళు పీల్చేస్తుంది, సున్నం పిండిలా రాలిపోతుంది. ఎండ తగలకుండా తడి గోనెపట్టలు కప్పాం.

పక్కగది గోడ ప్రధాన గోడకు ఆనేచోట నిలువు గీతలా ఒక సందుంది. అక్కడ రాళ్ళు ఒకదాన్నొకటి కరుచుకోలేదు, అంటే ఆ గది తర్వాత చేర్చిందే. చూపుకు బాగోకపోయినా దాన్ని పూడ్పించలేదు. ఇంటి చరిత్రకు ఇంతకన్నా గట్టి ఆధారం లేదు. గుమ్మంపై రాతిమీద చెరిగిన చెక్కడాన్నీ కొత్తగా చెక్కించలేదు. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలని పాత కట్టడాల సంరక్షణకు రాసుకున్న అంతర్జాతీయ నియమావళి, 1964 వెనిస్ చార్టర్ చెబుతుంది. ఆ చెక్కడానికని వచ్చిన చందాను దాతల అంగీకారంతో దూలాలకు మళ్ళించాం.

దూలాలకు, పైకప్పుకు 19. గోడలోకి దూరిన దూలాల కొనలే కుళ్ళాయి. అంతమేర కోసి కొత్త కలప అతికించి, చుట్టూ గాలి ఆడేలా ఖాళీ ఉంచాం.

బయటి నేల దించడానికి 11. మట్టి పేరుకుని గది నేలకన్నా ఎత్తయింది. గది మట్టానికి 150 మిల్లీమీటర్ల కిందికి దించి, గోడ నుంచి బయటికి వాలు ఇచ్చి కాలువ తీయించాం.

రాళ్ళను పట్టి ఉంచే ఇనుప కట్ల మార్పుకు 9. తుప్పుపట్టి ఉబ్బిన ఇనుము రాయిని చీలుస్తుంది, కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం. దీపాలకు 8, కాగితాలు, బట్టలు వెలిసిపోకుండా అవి ఉన్న గదిలో వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకుండా అమర్చాం. పరంజాకు 7.

నిల్వ 5 వంతులు బ్యాంకులో ఉన్నాయి. చూరు కాలువల శుభ్రతకూ, సందుల తనిఖీకీ తప్ప వాటిని ముట్టుకోం. వెనక గోడ పని మిగిలింది, దానికి వేరే చందా పుస్తకం తెరుస్తాం.

— మరమ్మతుల కమిటీ