మొదటి బంతి దొరకాలంటే

కవిటి,
ఏప్రిల్ 27

చిరంజీవి శీనుకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. జీడిపిక్కలు ఏరడం ముప్పాతిక వంతు అయింది, కాపు పర్వాలేదు. తిత్లీ తర్వాత పాతిన కొబ్బరి మొక్కలు ఈ ఏడు గెలలు వేశాయి. మీ అమ్మ మోకాలు మామూలే.

నువ్వు ఫోను ఎత్తడం లేదని రాస్తున్నాననుకోకు. ఇన్ని వివరాలు ఫోన్లో చెప్తే ఊఁ కొడతావు తప్ప ఒక్కటీ బుర్రకెక్కదు. ఈ కాగితాలకి అప్ప ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడుతుంది, తీరిగ్గా చదువుకో.

ఆగస్టు మొదటివారం టెక్సాస్‌లో గాల్వెస్టన్ రేవులో విహారయాత్ర ఓడ ఎక్కుతున్నారనీ, మీ అత్తగారూ మావగారూ వస్తున్నారనీ, ఏడు రాత్రులనీ, రాత్రి భోజనం ఎనిమిదింపావుకి పడిందనీ అప్ప చెప్పింది. దాన్ని ముందుకి ఎలా జరపాలో నాన్నని అడగమన్నావట. నన్నే అడగొచ్చు. సరేలే. కంచిలి పిన్ని ఇంకో కబురు కూడా చెప్పింది. దాని గురించి నేనేమీ అడగటం లేదు.

ఓడల్లో రాత్రి భోజనం పెళ్లి భోజనాల్లాగే రెండు బంతులుగా వడ్డిస్తారు. ఓడ కంపెనీ పేరు అప్పకి తెలీదంది. ఎనిమిదింపావు అన్నావు గనక కార్నివాలో డిస్నీయో అయ్యుంటుంది. కార్నివాల్లో మొదటి బంతి సాయంత్రం 5:30కి గానీ 6కి గానీ పెడతారు. రెండోది 7:45కో 8:15కో. ఇవి కాక ‘యువర్ టైమ్’ అని ఒకటుంది, అందులో నీకు వీలైనప్పుడు వెళ్లి కూర్చోవచ్చు. రాయల్ కరిబియన్ వాళ్లు దాన్నే ‘మై టైమ్’ అంటారు. డిస్నీలో బంతులు రెండే గానీ రోజుకో హాలు మారుస్తారు, వడ్డించేవాళ్లు మీతోపాటే వస్తారు. నార్వీజియన్‌లో అయితే ఈ బెంగే లేదు, 2000 సంవత్సరం నుంచీ వాళ్లు బంతి పద్ధతి తీసేశారు.

అమెరికా రేవుల నుంచి బయల్దేరే ఓడల్లో, అందులోనూ బడి సెలవుల్లో, మన పెళ్లిళ్లలోలాగే మొదటి బంతికే ఎగబడతారు. పిల్లలున్నవాళ్లు, పెద్దవాళ్లు, ఆరింటికే తినే అలవాటున్న ఆ దేశస్తులు, అందరికీ అదే కావాలి. మధ్యధరా సముద్రంలో తిరిగే ఓడల్లో ఇది తలకిందులు. అక్కడివాళ్లు రాత్రి ఆలస్యంగా తింటారు, మొదటి బంతికి అంత పోటీ ఉండదు. నువ్వు గాల్వెస్టన్‌లో ఎక్కుతున్నావు గనక పోటీ తప్పదు.

ముందు బుకింగు తెరిచి డైనింగ్ అని ఉన్న వరస చూడు. ఖరారు అని ఉందా, వెయిట్ లిస్టు అని ఉందా? ఖరారు అయితే నీకు రెండో బంతి గట్టిగా ఉన్నట్టు. దాన్ని వదులుకోకుండానే మొదటి బంతి వెయిట్ లిస్టులో పెట్టమని అడుగు. ‘ఉన్నది అలాగే ఉంచి’ అన్న మాట ఫోన్లో రెండుసార్లు అను, లేకపోతే కొత్త గుమస్తా పాతది తీసేసి కూర్చుంటాడు. ఏజెంటు ద్వారా కొని ఉంటే కంపెనీవాళ్లు నీతో మాట్లాడరు, ఏజెంటే అడగాలి. మీ అత్తామావల గది వేరే బుకింగు అయితే రెండు నంబర్లూ కలిపించు. కలిపితే సరిపోదు, రెంటికీ ఒకటే బంతి ఉండాలి. ఒకటి ఆరింటిదీ ఒకటి ఎనిమిదింటిదీ అయితే ఎన్ని ముళ్లు వేసినా ఒక టేబులు రాదు.

అత్తగారికి సూదిమందు ఉంది కదా, ఆ సంగతి దాచకు. ప్రత్యేక అవసరాలు చూసే విభాగం ప్రతి కంపెనీలోనూ ఉంటుంది. షుగర్ మనిషి, వేళకి తినాలి అని వాళ్లకి ముందే రాసి పెట్టించు. దాంతో సీటు వచ్చి తీరుతుందని కాదు, అదే సీటుకి ఇద్దరు అడిగినప్పుడు నీ కాగితం బరువుగా ఉంటుంది.

వెయిట్ లిస్టు ఎప్పుడు కదుల్తుందంటే, చివరి వాయిదా కట్టే తేదీ దగ్గర. వారం రోజుల ఓడకి అది సాధారణంగా 90 రోజుల ముందు పడుతుంది, అంటే నీకు మే మొదటివారమే. ఆ తేదీలోపు మానుకున్నవాళ్లకి అడ్వాన్సు తిరిగొస్తుంది, తిరిగి ఇవ్వని రకం టిక్కెట్టు కాకపోతే. ఆ తర్వాత ఆలస్యమైన కొద్దీ కోత పెరుగుతుంది, చివరికి మొత్తం పోతుంది. అందుకే డోలాయమానంగా ఉన్నవాళ్లు ఆ నాలుగు రోజుల్లోనే రద్దు చేసుకుంటారు, వాళ్ల కుర్చీలు కిందున్నవాళ్లకి వస్తాయి. ఆ వారం రోజూ చూసుకో. తర్వాత బయల్దేరే ముందు రెండు వారాలూ మళ్లీ చూడు.

ఆ తేదీ గురించి ఇంకో మాట. రద్దు చేసుకునేవాళ్లలో నువ్వుండాల్సి వస్తే అదేం తలవంపులు కాదు. మీ మావగారు అర్థం చేసుకునే మనిషి. ఊరికే అన్నాను.

మీ పలాస పెదబావ తన వాళ్లందర్నీ ఓడ ఎక్కించిన కథ నువ్వు సగమే విన్నావు. పద్నాలుగు మంది, నాలుగు గదులు, నలుగురు నాలుగు వేర్వేరు రోజుల్లో కొన్నారు. రెండు గదులకి మొదటి బంతి, ఒకదానికి రెండోది, నాలుగోదానికి ఎప్పుడైనా రావచ్చన్న రకం. ఓడ ఎక్కాక అంతా ఒకచోట కూర్చోబెడతారులే అనుకున్నాడు. నెల ముందే సంగతి తెలిసీ ఎవరికీ చెప్పలేదు. మొదటి సాయంత్రం మీ పెదత్తా పెదమావా తెలియని ఆరుగురి మధ్య ఎనిమిదిమంది టేబులు దగ్గర. మెనూ కార్డు చేతిలో ఉంది, కళ్లజోడు గదిలో ఉంది. ఆ సూపు ఏ మాంసం నీళ్లతో కాచారోనని ఆవిడ బ్రెడ్డు ముక్క తిని లేచిపోయింది. బావేమో పై అంతస్తులో లైన్లో నిల్చుని వడ్డించే కుర్రాడి మీద అరుస్తున్నాడు. ఆ కుర్రాడేం చేస్తాడు? టేబుళ్ల పటం వాడి చేతిలో ఉండదు. అది మేత్ర్ డీ చేతిలో ఉంటుంది, హాలంతటికీ పెద్ద ఆయన. హెడ్ వెయిటరు కూడా ఆయన్ని అడిగే కదపాలి.

రెండోరోజు మధ్యాహ్నం బావ వాళ్ల మరదలు బుద్ధిగా ఒక పని చేసింది. ఒకే కాగితం మీద నాలుగు గదుల నంబర్లు, పేర్లు, ఇప్పుడున్న టేబులు, ఎంతమంది, ఏది కావాలి, ఇవన్నీ వరసగా రాసి మేత్ర్ డీ దగ్గరకి పట్టుకెళ్లింది. ఆయన పటం చూసి మొదటి బంతిలో పద్నాలుగు కుర్చీలు ఒకచోట లేవు, రెండో బంతిలో పక్కపక్కన ఎనిమిదేసి టేబుళ్లు రెండున్నాయి అన్నాడు. అంతే, అందరూ అటు మారిపోయారు. పెద్దవాళ్లు ఐదున్నరకి పై అంతస్తు బఫేలో అన్నం, పెరుగు తినేసి, ఎనిమిదింటికి మిగతావాళ్ల పక్కన పండ్ల ముక్కలు పెట్టుక్కూర్చున్నారు. ఖాళీ ఎటుందో అటు పోగవ్వాలి, నీకిష్టమైన వైపుకే అందర్నీ లాగకూడదు. నేననేది, బావ ఆ సంగతి నెల ముందు ఇంట్లో అని ఉంటే రెండు ఫోన్లతో తేలిపోయేది. మనవాళ్లకి ఇది ఉన్న జబ్బే. కష్టం వస్తే నోరు కుట్టేసుకుంటారు, పరువనుకుంటారు. సర్లే, ఉపన్యాసం అంటావు.

బయల్దేరే రోజుకీ మారకపోతే ఇలా చెయ్యి. రేవుకి రావాల్సిన వేళ ఆన్‌లైన్లో ఎంచుకోమంటారు, అందులో దొరికినంత ముందుది తీసుకో. లోపలికి వెళ్లగానే అందరూ బఫేకి పరిగెడతారు, నువ్వు వెళ్లకు. బంతి మార్పుల కోసం మేత్ర్ డీ ఏ హాలు దగ్గర, ఏ వేళకి కూర్చుంటాడో ఆ రోజు కరపత్రంలోనో ఫోన్ యాప్‌లోనో ఉంటుంది, ఎక్కువగా మధ్యాహ్నం పూటే. కాగితం రాసుకుని, గది కార్డులన్నీ పట్టుకుని ముందే నిల్చో. ‘నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒకరికి షుగరు, ఏ టేబులైనా పర్వాలేదు’ అను. కిటికీ కావాలని అదే నోటితో అడగకు, ఒకసారికి ఒక్క కోరికే. నోటు మడిచి చేతిలో పెట్టకు. మనిషికి రోజుకి ఇంతని టిప్పు ఎలాగూ ఖాతాలో పడుతుంది. ఇవ్వాలనిపిస్తే ఆఖరి రాత్రి ఇవ్వు.

అప్పుడు కాదన్నా దిగులుపడకు. మొదటి రాత్రి చాలామంది రారు, వచ్చినా కొందరు నచ్చక మారిపోతారు. రెండోరోజు మధ్యాహ్నానికి ఏ టేబులు ఖాళీయో వాళ్లకి తేలుతుంది. అప్పుడు మళ్లీ వెళ్లు, అదే నవ్వు ముఖంతో.

‘ఎప్పుడైనా రావచ్చు’ రకంలోకి దూకుదామనిపిస్తుంది. ఆరుగురికి ఏడింటికి వెళ్తే నిలబెడతారు. హాలు తలుపు తీయగానే వెళ్తేనే అది మొదటి బంతితో సమానం. యాప్‌లో ముందే వరసలో పేరు పెట్టే వీలుంటే పెట్టు. రెండో బంతే గతి అయితే, ఎనిమిదింపావుకి కూర్చుంటే అసలు పళ్లెం వచ్చేసరికి తొమ్మిది అవుతుంది. అత్తగారు సూది కుర్చీలో కూర్చోగానే వేసుకోవాలా, పళ్లెం వచ్చాక వేసుకోవాలా అన్నది ఇక్కడే డాక్టరుని అడిగి రమ్మను. పిల్లలకి ఆరింటికే ఏదో ఒకటి పెట్టెయ్యండి.

ఆవిడ శనివారం నీసు ముట్టరు కదా. హెడ్ వెయిటరుకి మొదటి రాత్రే చెప్తే మర్నాటికి భారతీయ శాకాహారం చేయిస్తాడు. ముందురోజు చెప్పాలి, టేబులు మీద కూర్చుని కాదు. హాలు ఓడ వెనక భాగంలో ఉంటే యంత్రాల అదురు తెలుస్తుంది, తల తిరిగేవాళ్లకి మధ్యలో కింది అంతస్తు టేబులు మంచిది. ఇంకోటి, రొవాటాన్‌లో గనక ఆగితే వేసవిలో ఆ దీవి గడియారం గాల్వెస్టన్ కన్నా గంట వెనక. ఫోను తనంతట తనే మారిపోతుంది. ఓడ గడియారమే లెక్క, చేతికి మామూలు వాచీ కట్టుకో.

ఇక పిన్ని మాట. డల్లాస్‌లో వాళ్ల పెద్దాడు చెప్పాడట, మీ ఆఫీసులో ఫిబ్రవరిలోనే చాలామందిని పంపించేశారనీ, అందులో నీ పేరు కూడా విన్నాననీ. మీ అమ్మ ఆ రోజు నుంచీ ‘గుంటడు ఏటి తింటన్నాడో ఏటో’ అని అదే పాట. నిజమైతే చెప్పు. కాకపోతే పిన్నికి నేను చెప్తాను.

జీడిపిక్కల డబ్బు చేతికొచ్చింది. వచ్చే రెండు నెలలూ నువ్వు పంపొద్దు, పంపినా అమ్మ తియ్యదు. డాబా పని దసరా దాకా ఆగినా ఏం కాదు. ఓడ సంగతి మీ ఇద్దరి ఇష్టం, వెళ్తే మాత్రం పైన రాసినట్టు చెయ్యి.

ఆదివారం మా ఉదయం ఏడు గంటలకి, మీకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, ఫోను పక్కనే పెట్టుకుని ఉంటాను. కోడలి ఫోన్నుంచి కాదు, నీ ఫోన్నుంచే చెయ్యి.

ఇట్లు,
నాన్న